గీతలు పడ్డ నాలుగు అల్లాయ్ చక్రాలు: మెరుపు తిరిగి తెప్పించిన పని డైరీ

మొదటి రోజు

కారుకు 13 ఏళ్లు. ఇంజను ఆరోగ్యంగా ఉంది, రంగు కూడా ఇంకా నిలిచే ఉంది. చక్రాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనసు చివుక్కుమంటుంది. 15 అంగుళాల అల్లాయ్ చక్రాలు, అంటే అల్యూమినియం మిశ్రమంతో చేసినవి, ఒక్కోదానికి ఐదు స్పోకులు, చుట్టూ వెడల్పాటి అంచు. కొత్తలో ఆ అంచులో ముఖం కనిపించేది. ఇప్పుడు అక్కడ కాలిబాట గట్లకు ఒరుసుకున్న గాట్లు, లోహాన్ని కాపాడే పారదర్శక పూత (లాకర్) కింద పాకిన తెల్లటి చారలు, స్పోకుల మూలల్లో ఏళ్ల తరబడి కాలి గట్టిపడిన బ్రేకు పొడి ఉన్నాయి. టైర్లు ఎలాగూ అరిగిపోయాయి, మార్చక తప్పదు. అవి ఊడదీసిన ఈ సందులోనే చక్రాలను నా చేతులతో బాగు చేసుకోవాలనుకున్నాను. ఏ రోజు పని ఆ రోజే రాసి పెడుతున్నాను. మొదటి చక్రం దగ్గర జరిగిన పొరపాటు నాలుగో చక్రం దగ్గర గుర్తుండాలంటే అదే దారి.

కారు నేల మీద ఉండగానే నట్లన్నిటినీ పావు చుట్టు వదులు చేశాను. జాకీ ఎత్తాక వదులు చేయబోతే చక్రం చేతికి లొంగదు, కారు కూడా ఊగుతుంది. నాలుగు వైపులా గట్టి స్టాండ్లు పెట్టి, కారు వాటి మీద స్థిరంగా కూర్చుందని తోసి చూశాకే జాకీ తీశాను. ఏ చక్రం ఏ మూలదో లోపలి వైపు మార్కరుతో రాశాను. ఇనుప పొడిని కరిగించే ద్రావణం చల్లితే ఐదు నిమిషాల్లో చక్రాల మీంచి ఊదా రంగు ధారలు కారాయి. బ్రేకు పొడిలోని ఇనుముతో కలిసినప్పుడు వచ్చే రంగు అది. మూడుసార్లు చల్లి కడిగితే గానీ మూలలు తేరుకోలేదు. ఆమ్లం కలిసిన క్లీనర్ల జోలికి నేను పోలేదు. వాటిలో కొన్నింటిలో ఫ్లోరైడ్ ఆమ్లాలు ఉంటాయి. అవి లోహాన్ని మసకబారుస్తాయి, చర్మంలోంచి ఎముక దాకా హాని చేయగలవు.

కడిగాక అసలు పరీక్ష. పాత కారు నుంచి తీసిన హబ్ (చక్రాన్ని బిగించే తిరిగే భాగం) ఒకటి నా దగ్గరుంది, బేరింగు ఇంకా మెత్తగా తిరుగుతుంది. దాన్ని బరువైన చెక్క బల్లకు బోల్టులతో బిగించి, దాని మీద ఒక్కో చక్రాన్ని ఎక్కించాను. అంచుకు దగ్గరగా ఒక మేకును కదలకుండా నిలబెట్టి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పితే, మేకుకూ అంచుకూ మధ్య సందు మారుతోందో లేదో కంటికి తెలిసిపోతుంది. నాలుగింటిలోనూ సందు నిలకడగానే ఉంది. వంకర లేదు. లోపలి వైపు, స్పోకు అంచును కలిసే చోట, నట్టు రంధ్రాల చుట్టూ దీపం వాలుగా పట్టి పగుళ్ల కోసం వెతికాను. ఒక్క పగులు కనిపించినా ఆ చక్రాన్ని పక్కన పెట్టేసేవాణ్ని. పగిలిన చక్రానికి మెరుపు పెట్టి మళ్లీ రోడ్డెక్కించే పని ఎవరూ చేయకూడదు.

ఆ తర్వాత గోటి పరీక్ష. గీతకు అడ్డంగా గోరు లాగితే తగలకుండా జారిపోయినవి పైపై గీతలు, వాటర్ పేపరుకే (తడిపి రుద్దే గరుకు కాగితం) పోతాయి. గోరు టక్కున ఆగినవి లోతైనవి, వాటికి ఆకురాయి కావాలి. వెర్నియర్ కాలిపర్ అనే కొలత పరికరం తోకతో లోతు కొలిచాను. మొదటి చక్రానికి గరిష్ఠంగా 0.3 మిల్లీమీటర్లు, రెండోదానికి 0.5, మూడోదానికి 0.4. నాలుగోదానికి మాత్రం అంచు మీద వేలెడు పొడవు గాటు, లోతు 1.6. ఆ గాటు దగ్గర చాలాసేపు కూర్చున్నాను. అది పూర్తిగా పోవాలంటే చుట్టూ ఉన్న లోహాన్నంతా 1.6 మిల్లీమీటర్ల మేర కిందికి దించాలి. టైరును పట్టి ఉంచే అంచు అది. గుంటలో పడ్డప్పుడు మొదటి దెబ్బ దానికే తగులుతుంది. దాని పదునైన కొసలను గుండ్రం చేసి, లోతును అలాగే వదిలేయాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

రెండో రోజు

లాకర్ తీయడం. తెల్లటి చారలు పాములా మెలికలు తిరిగి ఉన్నాయి. రాయి తగిలి లాకర్ ఎక్కడో చిట్లుతుంది, తేమా ఉప్పూ లోపలికి దిగుతాయి, ఇక తుప్పు పొర కిందే దారి చేసుకుంటూ దారంలా సాగిపోతుంది. పైనుంచి ఎంత రుద్దినా అది పోదు, పొర మొత్తం ఊడాల్సిందే.

లాకర్ తీయడానికి బెంజైల్ ఆల్కహాల్ ఆధారంగా చేసిన జెల్ వాడాను. పాత రకం స్ట్రిప్పర్లలో (పూత ఊడదీసే రసాయనాలు) ఉండే మిథిలీన్ క్లోరైడ్ ఐదు నిమిషాల్లో పని ముగిస్తుంది, కానీ దాని ఆవిరి మూసిన గదుల్లో ప్రాణాలు తీసింది. అమెరికాలో 2019లో ఇళ్లలో వాడకానికి అమ్మడం నిషేధించారు. నిదానంగా పనిచేసే జెల్‌తో నాకు ఇబ్బంది లేదు. మందంగా పూసి, ఆరిపోకుండా పైన పాలిథిన్ కప్పి, రెండు గంటలు వదిలేస్తే లాకర్ ముడతలు పడి లేచింది. ప్లాస్టిక్ గరిటెతో గీకాను. ఉక్కు గరిటె, ఉక్కు బ్రష్షు, ఉక్కు పీచు ఈ పనికి పనికిరావు. వాటి నుంచి రాలే ఇనుప రేణువులు మెత్తటి అల్యూమినియంలో ఇరుక్కుపోతాయి, తేమ తగిలితే అక్కడి నుంచే గుంటలు మొదలవుతాయి.

కాస్టిక్ సోడా నీళ్లలో ముంచితే పొర సులువుగా పోతుందని చాలామంది సలహా ఇస్తారు. ఇనుప వస్తువులకు అది సరే. అల్యూమినియంను మాత్రం కాస్టిక్ సోడా నమిలేస్తుంది. బుసబుసమని హైడ్రోజన్ పొంగుతుంది, చక్రం నల్లబడి గరుకెక్కుతుంది. దయచేసి ఎవరూ ఆ ప్రయత్నం చేయవద్దు.

సాయంత్రానికి నాలుగు చక్రాలూ పొర లేకుండా బూడిద రంగులో, చలికి వణుకుతున్నట్టు బయటపడ్డాయి. స్పోకుల సందుల్లో కొంత లాకర్ మిగిలింది. అక్కడ రెండోసారి జెల్ పూసి రాత్రికి వదిలేశాను.

మూడో రోజు

ఆకురాయి పని. కాలిబాట గట్టు అంచును కోయదు, దున్నుతుంది. లోహం గాటులోంచి పక్కకు నెట్టుకుపోయి గట్టులా లేచి నిలుస్తుంది. గోటికి తగిలే ఎత్తులో కొంత ఈ లేచిన లోహమే. అందుకే ముందు దాన్ని మాత్రమే కోసేసి, మళ్లీ లోతు కొలవాలి. మొదటి చక్రం మీద 0.3 అనుకున్న గాటు ఈ పని తర్వాత 0.2కు తగ్గింది. తీయాల్సిన లోహం ఆ మేరకు తప్పిపోయింది.

అల్యూమినియం ఆకురాయి పళ్లలో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న ముక్క కొత్త గీతలు గీస్తుంది, అవి పాత గాట్ల కంటే లోతుగా పడతాయి. ఆకురాయికి ముందుగా సుద్దముక్క రుద్దితే పళ్ల మధ్య పొడి నిండి లోహం అతుక్కోదు. ఐదారు తోపులకోసారి ఇత్తడి బ్రష్షుతో దులిపి, మళ్లీ సుద్ద రుద్దాను. తోసేటప్పుడే ఒత్తిడి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తేయడం.

గాటు ఉన్న చోటే పట్టుకుని రుద్దితే అక్కడ గిన్నెలా పల్లం పడుతుంది. మసకగా ఉన్నప్పుడు ఆ పల్లం కంటికి ఆనదు, మెరుపు వచ్చాక అందులో ప్రతిబింబం వంకరపోతుంది. అందుకే గాటుకు రెండు వైపులా జానెడు దూరం దాకా, చివరలకు పోయేకొద్దీ ఒత్తిడి తగ్గిస్తూ కలుపుకుంటూ పోయాను. చక్రాన్ని హబ్ మీద చేత్తో తిప్పుతూ, వేలి కొసలు అంచు మీద ఆనించి కళ్లు మూసుకుంటే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. కంటికి కనిపించనిది వేలికి తగులుతుంది.

నాలుగో చక్రం గాటుకు అనుకున్నట్టే చేశాను. కొసలను సన్నని ఆకురాయితో గుండ్రం చేసి వదిలేశాను. పదునైన కొస ఉంటే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. గాటు కనిపిస్తుంది, కనిపించనీ.

నాలుగు నుంచి ఆరో రోజు దాకా

ఈ మూడు రోజులూ వాటర్ పేపరుతోనే గడిచాయి. ఒక బకెట్ నీళ్లు, అందులో రెండు చుక్కల సబ్బు, మెత్తటి రబ్బరు దిమ్మ. గాట్లు ఉన్న చోట 120 నంబరుతో మొదలు. మిగిలిన చోట 240, ఆ తర్వాత 320, 400, 600, 800, 1000, 1500. ఈ నంబరు పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది. కాగితం వెనక పీ అక్షరంతో ఉండే ఐరోపా కొలతలో 240 రేణువు సగటున 58 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 400 అయితే 35, 800కు 22, 1500కు సుమారు 13. మన కంటికి కనిపించే వెలుగు తరంగం పొడవు 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. గీతలు ఆ వెలుగు కంటే సన్నబడితేనే అది చెదరకుండా అద్దంలో లాగా తిరిగొస్తుంది. కాగితంతో అంత దూరం పోలేం, ఆ చివరి దూరం బఫ్, అంటే డ్రిల్లుకు తగిలించి తిప్పే నూలు బిళ్ల, నడుస్తుంది. కానీ బఫ్ నడవగలిగేది ఆ చివరి దూరం మాత్రమే. ఆ సంగతి నాకు మొదటి చక్రం మీద తెలిసొచ్చింది.

మొదటి చక్రం మీద 320 దాకా చేసి, తడి మెరుపు చూసి మురిసిపోయి నేరుగా 800కు వెళ్లాను. తడిగా ఉన్న లోహం ఎప్పుడూ నునుపుగానే కనిపిస్తుంది, నీరు గీతలను నింపేస్తుంది. ఆరిపోయాక కూడా దీపం ఎదురుగా పట్టి చూసి బాగానే ఉందనుకున్నాను. 1500 ముగించి, ఫలితం చూడాలన్న తహతహతో ఒక స్పోకుకు బఫ్ పెట్టాను. నిగనిగమంటూ మెరుపు వచ్చింది, ఆ మెరుపు అడుగున వెంట్రుకల్లాంటి గీతలు వందల కొద్దీ తేలాయి. అవి 320 నంబరు గీతలు. 800 వాటి పైకొసలను మాత్రమే తీసింది, అడుగులు అలాగే ఉండిపోయాయి. బఫ్ ఆ గీతలను తీయలేదు, వాటి అంచులను మెరిపించి ఇంకా స్పష్టం చేసింది. ఎంతసేపు బఫ్ చేసినా మార్పు లేదు. మళ్లీ 320తో మొదలుపెట్టి 400, 600 దాటుకుంటూ వచ్చాను. ఒక పూట పని పోయింది.

అప్పటి నుంచి రెండు పద్ధతులు తప్పకుండా పాటించాను. ఒకటి, నంబరు మారిన ప్రతిసారీ రుద్దే దిశ మార్చడం. 400ను స్పోకు పొడవునా రుద్దితే 600ను అడ్డంగా రుద్దాను. అడ్డగీతల మధ్య ఒక్క నిలువు గీత మిగిలినా వెంటనే పట్టుబడుతుంది, అది పోయేదాకా నంబరు మారదు. రెండు, ప్రతి నంబరుకు ముందు ఆ భాగమంతా మార్కరుతో గళ్లు గీయడం. పల్లంలో, మూలల్లో చేయి సరిగా ఆడనిచోట సిరా మిగిలిపోతుంది. సిరా ఉన్నచోట కాగితం తగలలేదన్నమాట. దీపాన్ని ఎప్పుడూ వాలుగా, లోహాన్ని దాదాపు తాకేంత కింద పట్టి చూశాను. నిటారుగా పడే వెలుగు గీతలను దాచేస్తుంది, వాలు వెలుగు ఒక్కోదానికీ నీడ పుట్టిస్తుంది.

నంబరు మార్చే ముందు చక్రాన్ని, దిమ్మను, చేతులను కడిగి బకెట్ నీళ్లు పారబోశాను. 240 రేణువు ఒక్కటి 1000 కాగితం కింద చేరితే గంట పని వృథా.

దుమ్ము గురించి కూడా రాయాలి. అల్యూమినియం సన్నని పొడిగా మారి గాలిలో లేస్తే నిప్పురవ్వకు పేలగలదు. తడిగా రుద్దితే ఆ భయం ఉండదు. ఇనుమును గ్రైండు చేసే చోట ఈ పని పెట్టుకోకూడదు, అక్కడి రవ్వలు ఇక్కడి పొడి మీద పడతాయి. తడి మడ్డిని మూత బిగించిన డబ్బాలో నిల్వ చేయకూడదు, నీటితో కలిసి మెల్లగా హైడ్రోజన్ వదులుతుంది. నేను మడ్డిని గుడ్డలో వడగట్టి ఆరుబయట పెట్టాను.

రెండో చక్రం మీద ఇంకో సంగతి ఎదురైంది. 0.5 లోతు గాటు తీసిన చోట 600 తర్వాత సూది మొన అంత నల్లటి చుక్కలు పది పన్నెండు కనిపించాయి. మురికి అనుకుని టూత్ బ్రష్షుతో తోమాను, పోలేదు. భూతద్దంతో చూస్తే అవి గుంటలు. ఈ చక్రాలు పోతపోసినవి. కరిగిన లోహం గట్టిపడేటప్పుడు అందులోని వాయువు బుడగలుగా లోపల చిక్కుకుంటుంది. అచ్చుకు తగిలిన పైపొర త్వరగా చల్లబడి గట్టిగా, దట్టంగా ఉంటుంది. ఆ పొర దాటి కిందికి పోయేకొద్దీ బుడగలు నోళ్లు తెరుస్తాయి. ఇంకా రుద్దితే ఆ చుక్కలు పోయి కొత్తవి వస్తాయి. అక్కడితో ఆపేశాను. మూడడుగుల దూరం నుంచి అవి కనిపించవు, లోహమైతే మిగిలింది.

ఏడో రోజు

ఈ రోజు బఫ్. బఫ్ చేసే ముందు నట్టు రంధ్రాలను, హబ్‌కు ఆనే వెనక ముఖాన్ని, టైరు కూర్చునే లోపలి గట్టును టేపుతో మూసేశాను. నట్టు శంకువు రంధ్రంలో కచ్చితంగా కూర్చోవాలి, హబ్ ముఖం బల్లపరుపుగా ఆనాలి, టైరు గట్టులోంచి గాలి జారకూడదు. ఈ మూడు చోట్లా మెరుపుతో పనిలేదు, మురికి తుడిస్తే చాలు.

డ్రిల్లుకు 100 మిల్లీమీటర్ల నూలు బఫ్. నా డ్రిల్లు వేగం నిమిషానికి 2,800 చుట్లు, అంటే బఫ్ అంచు సెకనుకు దాదాపు 15 మీటర్లు పరుగెత్తుతుంది. బఫ్ మీద రాసి ఉన్న గరిష్ఠ వేగం దీనికంటే ఎక్కువో కాదో ముందే చూసుకున్నాను. స్పోకుల సందులకు శంకువు ఆకారపు బఫ్, నట్టు గుంటల చుట్టూ వేలంత చిన్నది. మొదట కుట్లు దగ్గరగా ఉన్న గట్టి బఫ్‌తో గోధుమ రంగు ట్రిపోలీ కడ్డీ, ఆ తర్వాత మెత్తటి బఫ్‌తో తెల్ల కడ్డీ. రెండూ బఫ్‌కు పట్టించే మెరుగు మందులే, తెల్లది ఇంకా సన్ననిది. ఒక కడ్డీ తగిలిన బఫ్‌కు రెండో కడ్డీ ఎప్పుడూ తగలనివ్వలేదు, వేర్వేరు సంచుల్లో పెట్టాను. కళ్లద్దాలు, మాస్కు, ఒంటికి అంటుకునే చొక్కా. వేలాడే దారాన్నయినా బఫ్ చుట్టేసుకుంటుంది, అందుకే వదులు గ్లౌజులు కూడా వద్దనుకున్నాను.

కడ్డీని తిరిగే బఫ్‌కు రెండు సెకన్లు ఆనిస్తే చాలు. ఎక్కువైతే చక్రం మీద నల్లటి జిగురు పేరుకుంటుంది, బఫ్ జారుతుందే తప్ప కోయదు. మొదట్లో నేను ఎక్కువే పెట్టాను. ఒత్తిడి మధ్యస్థంగా, బఫ్ ఒక్కచోట ఆగకుండా. నల్లటి మసి వస్తుంటే పని జరుగుతోందని గుర్తు, అది నలిగిన అల్యూమినియమే. అంచుల దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. బఫ్ ఎప్పుడూ లోహం మీంచి అంచు బయటికి తిరుగుతూ పోవాలి. బయటి నుంచి అంచులోకి తిరిగితే పట్టేస్తుంది, డ్రిల్లు చేతిలోంచి లాక్కుపోతుంది. ఒకసారి శంకువు బఫ్ స్పోకు మూలలో పట్టి మణికట్టు తిరిగింది. దెబ్బ తగల్లేదు, కానీ ఆ తర్వాత రెండు చేతులూ వదల్లేదు.

వేడి కూడా చూసుకున్నాను. వెనక వైపు చేయి పెట్టి తాళలేనంత వేడెక్కితే ఆపాను. ఈ రకం చక్రాలను సాధారణంగా 7 శాతం సిలికాన్, అర శాతం లోపు మెగ్నీషియం ఉన్న మిశ్రమంతో పోత పోస్తారు. 540 డిగ్రీల దాకా కాచి, నీళ్లలో చల్లార్చి, మళ్లీ 150 డిగ్రీల పైన గంటల తరబడి ఉంచితే దానికి ఆ బలం వస్తుంది. చేతి బఫ్ ఆ బలాన్ని చెడగొట్టేంత వేడి పుట్టించదు. గ్యాస్ మంటతో గాట్లు నింపే పనులు మాత్రం చెడగొట్టగలవు.

బఫ్ తర్వాత మిగిలిన జిడ్డుకు మొక్కజొన్న పిండి చల్లి, మెత్తటి గుడ్డతో గుండ్రంగా తుడిచాను. పిండి జిడ్డును పీల్చుకుంటుంది, గీతలు వేయదు. గుడ్డ తీసేసరికి స్పోకులో నా చేయి, వెనక ఉన్న కిటికీ చువ్వలు, ఆ చువ్వల మీద నీడ కూడా స్పష్టంగా కనిపించాయి. ఐదు రోజులు బూడిద రంగు లోహాన్ని చూసీ చూసీ ఉన్న కళ్లకు అది నిజంగా పండగ. చాలాసేపు చక్రాన్ని ఊరికే తిప్పుతూ కూర్చున్నాను.

క్రోమియం పూత తెల్లదనం మాత్రం దీనికి రాదు. లోహంలోని సిలికాన్ కణాలు గట్టివి, చుట్టూ ఉన్న అల్యూమినియంతో సమానంగా అరగవు, అందుకే కొంచెం బూడిద ఛాయ నిలిచిపోతుంది. నాకు ఆ ఛాయే నచ్చింది.

ఎనిమిది, తొమ్మిది

మిగిలిన మూడు చక్రాలకు బఫ్. మొదటి చక్రానికి మొత్తం 11 గంటలు పట్టింది, నాలుగోదానికి ఆరు. చేయి కుదిరాక వేగం దానంతటదే వచ్చింది. మూడో చక్రం లోపలి సందుల్లో 1500 దాకా పోలేదు, 600 దగ్గర ఆపి మసకగానే వదిలేశాను. మసక నేపథ్యంలో స్పోకు ముఖం ఇంకా బాగా మెరుస్తుందని అక్కడే తెలిసింది, మిగిలిన వాటికీ అలాగే చేశాను.

పదో రోజు

మెరిసే లోహానికి రక్షణ ఏమిటి? రెండు దారులు. క్లియర్ కోట్ (పారదర్శక పూత) వేస్తే ఏళ్ల తరబడి తోమక్కర్లేదు. కానీ అద్దంలా నునుపైన లోహాన్ని ఏ పూతా గట్టిగా పట్టుకోదు, పట్టడానికి దాన్ని గరుకు చేస్తే ఇన్ని రోజుల పని పోతుంది. పైగా రాయి తగిలి చిట్లిన రోజు ఆ తెల్లటి పాము మళ్లీ మొదలు. రెండో దారి లోహాన్ని బోడిగా ఉంచి మైనం లాంటి సీలెంట్ పట్టించి, అప్పుడప్పుడూ చేత్తో మెరుగు పెట్టుకోవడం. నేను రెండోదే ఎంచుకున్నాను. ఎలాగూ వారం వారం కారు కడిగే అలవాటు ఉంది. ఎక్కువ ఉప్పు తగిలే రోడ్ల మీద తిరిగే కారు అయితే మొదటి దారినే ఎంచుకునేవాణ్ని. అల్యూమినియం మీద గాలి తగిలిన క్షణంలోనే కొన్ని నానోమీటర్ల ఆక్సైడు పొర ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను చిల్లులు పొడుస్తుంది.

జిడ్డు ఏమాత్రం లేకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, సీలెంట్ పలుచగా రెండు పూతలు, మధ్యలో ఒక రాత్రి ఎడం.

పదకొండో రోజు

కొత్త టైర్లు ఎక్కించే రోజు. దుకాణంలో రెండే కోరాను. టైరు ఎక్కించే యంత్రంలో అంచును పట్టే దవడలకు ప్లాస్టిక్ తొడుగులు వేయాలి, బ్యాలెన్సు బరువులు అంచుకు కొక్కెంలా తగిలించేవి కాకుండా లోపల అంటించేవి వాడాలి. మూడు చక్రాలు బాగానే ఎక్కాయి. రెండో చక్రం దగ్గర పని చేసే అబ్బాయి మారాడు, తొడుగు ఒకటి జారినా చూసుకోలేదు. అంచు మీద గోరంత గీత పడింది. చాలా బాధ కలిగింది, దాచుకోను. ఇంటికి వచ్చి టైరుకూ అంచుకూ మధ్య పాత పేకముక్కలు గుచ్చి రబ్బరును కాపాడుకుంటూ, 600తో మొదలుపెట్టి మళ్లీ తెల్ల కడ్డీ దాకా వెళ్లాను. గంటన్నరలో పోయింది. దీపం వాలుగా పట్టినా కనిపించడం లేదు.

హబ్ ముఖం మీద తుప్పును ఇత్తడి బ్రష్షుతో శుభ్రం చేసి చక్రాలు ఎక్కించాను. నట్లకు నూనె పెట్టలేదు. నూనె ఉంటే రెంచ్ చూపించే బిగువు కంటే బోల్టు మీద పడే లాగుడు పెరిగిపోతుంది. ఐదు నట్లనూ చేత్తో పట్టించి, వరసగా కాకుండా ఒకటి విడిచి ఒకటి నక్షత్రం ఆకారంలో మొదట సగం బిగువుకు, కారు నేలకు దించాక పూర్తి బిగువుకు తెచ్చాను. కారు పుస్తకంలో ఉన్న అంకె 110 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచ్ ఇరవై సార్లు టక్కుమంది.

మూడు వారాల తర్వాత

80 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ చూశాను. ముందు ఎడమ చక్రంలో ఒక్క నట్టు కొద్దిగా తిరిగింది, మిగిలినవి కదల్లేదు.

ముందు చక్రాల మీద బ్రేకు పొడి వెనక వాటికంటే బాగా ఎక్కువ పడుతోంది. ఆగేటప్పుడు కారు బరువు ముందుకు వస్తుంది, ఎక్కువ పని చేసేది ముందు బ్రేకులే. చక్రాలు చల్లారాక, మామూలు కారు షాంపూ నీళ్లతో, వాటికోసం విడిగా పెట్టుకున్న స్పాంజితో కడుగుతున్నాను. వేడిగా ఉన్నప్పుడు నీళ్లు పోస్తే చుక్కలు అక్కడే ఎండి మరకలవుతాయి. గత వారం వానలో తడిసిన కారును రెండు రోజులు అలాగే వదిలేస్తే ముందు కుడి చక్రం అంచు మీద లేత పొగమంచులాంటి మసక వచ్చింది. మెరుగు క్రీము చిటికెడు, మెత్తటి గుడ్డ, పది నిమిషాలు, పోయింది.

నాలుగో చక్రం ఇప్పుడు వెనక కుడి వైపు ఉంది. దాని గాటు అలాగే ఉంది. గుండ్రం చేసిన కొసలు కూడా మెరుస్తున్నాయి కాబట్టి, ఎండ పడినప్పుడు అక్కడ సన్నని వెలుగు గీత కదులుతుంది. కడిగిన ప్రతిసారీ వేలు దాని మీదుగా పోనిచ్చి, కొత్త పగులేదైనా మొదలైందేమో చూస్తున్నాను. ఇప్పటికైతే ఏమీ లేదు. వచ్చే శనివారం ముందు రెండు చక్రాలకు సీలెంట్ మళ్లీ పట్టించాలి.